ఎవరికీ అక్కర్లేని నంబరుకు ఇద్దరు

2024 వానాకాలం మొదట్లో మాట. మన రాష్ట్రంలో బండ్ల మీద టీఎస్ పోయి టీజీ వచ్చిన సంవత్సరం అది. హైటెక్ సిటీ నుంచి కొండాపూర్ వైపు వెళ్లే దారిలో వరసగా ఉండే కార్ల షోరూముల్లో ఒకదానిలో నేను రిజిస్ట్రేషన్ డెస్క్ చూస్తున్నాను. ఇప్పటికీ అదే పని. పొద్దున్నే మూసాపేటలో మెట్రో ఎక్కడం, అమీర్‌పేటలో మారడం, దిగాక షేర్ ఆటోలో సగం ఒళ్లు బయట పెట్టుకుని షోరూముకు చేరడం. మాది నంద్యాల వైపు. పెళ్లి చేసుకుని ఈ ఊరొచ్చాక నా సగం జీవితం ఇతరుల బండ్లకు నంబర్లు వేయించడంలోనే గడిచింది.

మా పని గురించి తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను. కారు అమ్మేవాళ్లు వేరు, నేను వేరు. వాళ్లు అమ్మి, స్వీట్ బాక్స్ ఇచ్చి, ఫొటో తీసి నా దగ్గరకు పంపిస్తారు. కొత్త బండికి ముందుగా టీఆర్ అనే తాత్కాలిక నంబరు వస్తుంది. దాని గడువు నెల. ఆలోపు అసలు నంబరు తీసుకోవాలి. వరసలో వచ్చింది చాలనుకునేవాళ్లతో ఏ పేచీ లేదు. ఫలానా నంబరే కావాలంటే మాత్రం దాన్ని ఫ్యాన్సీ నంబరు అంటారు. దానికి రవాణా శాఖ సైట్‌లో రుసుము కట్టి దరఖాస్తు పెట్టాలి. ఒక్కరే అడిగితే ఆ నంబరు వాళ్లదే. ఇద్దరు అడిగితే మధ్యాహ్నం బిడ్డింగ్ ఉంటుంది. ఎదుటివాడు ఎంత వేశాడో కనిపించదు. ఎవరికి తోచినంత వాళ్లు వేసుకోవాలి. ఎవరిది పైచేయి అయిందో సాయంత్రం తెలుస్తుంది.

నా బల్ల ముందు కూర్చునేవాళ్లలో సాఫ్ట్‌వేర్ వాళ్లే ఎక్కువ. పగలంతా కంప్యూటర్లకు బుద్ధి నేర్పేవాళ్లు కూడా నంబరు దగ్గరకొచ్చేసరికి వేళ్లు మడిచి కూడుతారు. కూడితే తొమ్మిది రావాలి, ఒకటి వచ్చినా ఫరవాలేదు, ఐదుతో సర్దుకుంటారు. ఎనిమిది వస్తే మాత్రం కుర్చీలోంచి లేస్తారు. ఎనిమిది శనిదట. రాహుకాలం పోయేదాకా ఓటీపీ చెప్పనని ఫోన్ జేబులో పెట్టుకుని కూర్చున్న మేనేజర్‌ను కూడా చూశాను. అప్పుడు ఆయన చేతిలో ఉన్న లాప్‌టాప్ మీద రాకెట్ బొమ్మ అంటించి ఉంది.

నాకు ఆ నమ్మకాలు లేవు. కాని ఒక్కో నంబరు వెనక ఏముందో తెలుసుకోకపోతే నాకు అన్నం సహించదు. దీనికి మా ఆయన ఆరా రోగం అని పేరు పెట్టాడు. రోగమే అనుకోండి, ఈ ఉద్యోగంలో విసుగు పుట్టకుండా నన్ను కాపాడింది అదే.

ఆ రోజు నా ముందు కూర్చున్నాయన పేరు యాదగిరి. నలభై అయిదు దాటి ఉంటాయి. తెల్ల చొక్కా, చేతికి ఎర్రదారం, మాట నెమ్మది. పెద్ద నల్ల కారు కొన్నాడు. గోపన్‌పల్లి దాటాక ఒక ఊరు, ఊరి పేరు రాయను, పుట్టింది పెరిగింది అక్కడే. ఇప్పుడు ఆ ఊరు కనిపించదు, అపార్ట్‌మెంట్లే కనిపిస్తాయి. ఆయనా అలాంటి ఒక అపార్ట్‌మెంట్‌లోనే ఉంటూ ఇసుక, సిమెంటు సరఫరా చేస్తాడు.

"ఏ నంబరు చూద్దాం సార్?" అన్నాను.

"జీరో వన్ సెవెన్ జీరో" అన్నాడు, ముందే నోట్లో పెట్టుకుని వచ్చినట్టు.

అలవాటు కొద్దీ నా వేళ్లు మడత పడ్డాయి. ఒకటీ ఏడూ ఎనిమిది.

"సార్, ముందే చెప్పడం నా బాధ్యత. టోటల్ ఎనిమిది వస్తుంది."

"ఎరుకే మేడం. అయినా గదే కావాలె."

"పుట్టినరోజా?"

"కాదు."

"ఫ్లాట్ నంబరా?"

"కాదు మేడం." నవ్వాడు గాని చెప్పలేదు.

పాత స్కూటర్ నంబరేమో అని అడిగాను, పదో తరగతి హాల్ టికెట్ నంబరేమో అనీ అడిగాను. దేనికీ తల ఊపలేదు. "పోటీకి ఎవరన్న వస్తరంటరా?" అని మాత్రం అడిగాడు.

"దీనికా? ఊరికే ఇస్తామన్నా ఎవరూ రారు సార్. ఫికర్ చేయకండి" అన్నాను. నా అనుభవం మీద నాకు అంత ధీమా.

ఒకటే చిక్కు ఉంది. నంబర్లు సిరీస్‌లుగా నడుస్తాయి. ఒకటి నుంచి మొదలై పది వేలకు ఒకటి తక్కువ దాకా పోయి, మళ్లీ కొత్త అక్షరాలతో మొదలవుతాయి. అప్పుడు నడుస్తున్న సిరీస్ చివరి వందల్లో ఉంది. నూటడెబ్బై కావాలంటే అది అయిపోయి కొత్తది మొదలవ్వాలి. అది కూడా ఆయన టీఆర్ గడువు ముగిసేలోపే జరగాలి. తప్పిందంటే ఆ తర్వాతి సిరీస్ వచ్చేసరికి గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. ఉన్నది ఒక్క అవకాశమే. ఆయన ప్రతిరోజూ ఫోన్ చేసి "ఎందాక వచ్చింది మేడం?" అని అడిగేవాడు. పంటకు నీళ్లు ఎందాక పారాయో అడిగే గొంతు అది.

మధ్యలో ఆయన భార్య ఫోన్ చేసింది. "అక్కా, మీకు దండం పెడ్త, ఆ నంబర్ లేదని చెప్పెయ్యుండ్రి. ఎనిమిదక్కా. చుట్టాలందరికి ఫోన్లు చేసి చెప్పిన, మీరన్న బుద్ధి చెప్పుండ్రని. ఎవ్వల మాట ఇంటలేడు."

"ఎందుకమ్మా ఆ నంబరంటే అంత పట్టుదల?" నా రోగం ఊరుకోదు కదా.

"ఆయ్‌నే అడుగుండ్రి. నాకు చెప్పబుద్ధైతలేదు" అని పెట్టేసింది. ఆరా తీయబోయి ఇంకాస్త ఆత్రం మూటగట్టుకున్నాను.

చివరికి కొత్త సిరీస్ తెరుచుకుంది. మొదటి నంబర్ల కోసం మామూలు తొక్కిసలాటే జరిగింది. తర్వాత రోజుల్లో మా నూటడెబ్బై వంతు వచ్చింది. పొద్దున్నే దరఖాస్తు పెట్టి రుసుము కట్టించాను. ఇంక అయిపోయినట్టే అనుకుని డబ్బా తెరిచి భోజనానికి కూర్చున్నాను. దరఖాస్తుల సమయం ముగిశాక సైట్ చూస్తే ఆ నంబరుకు ఎదురుగా ఇద్దరు దరఖాస్తుదారులు అని ఉంది.

ముద్ద చేతిలోనే ఆగిపోయింది. తొమ్మిదులకు పోటీ చూశాను, ఒకట్లకు చూశాను. కూడితే శని వచ్చే నంబరు, ముందు సున్నా వెనక సున్నా ఉన్న నంబరు, దానికి ఇంకొకరు కూడా కట్టారంటే నమ్మబుద్ధి కాలేదు. పేజీ మళ్లీ తెరిచాను. ఇద్దరే.

యాదగిరికి ఫోన్ చేస్తే బిగుసుకున్న ముఖంతో వచ్చి కూర్చున్నాడు. నీళ్లిస్తే తాగలేదు.

"మా పాలోడే మేడం. ఇంకెవ్వడు కాదు."

పాలోడంటే పాలివాడు, తండ్రి అన్నదమ్ముల బిడ్డ. భూమిలో పాలు ఉన్నవాడు కాబట్టి ఆ పేరు.

"మీ పాలివారికి ఈ నంబరెందుకండీ?"

అప్పుడు చెప్పాడు. ఎన్ని వారాలుగానో నేను తవ్వుతున్నది ఒక్క మాటలో బయటపడింది.

"అది మా చెల్క సర్వే నంబర్ మేడం. నూటడెబ్బై."

వాళ్ల ఊళ్లో పొలాలకు పేర్లుండేవట, కొన్నింటికి చెట్టు పేరు, కొన్నింటికి మనిషి పేరు. వీళ్ల చెల్కకు, అంటే చేనుకు, మాత్రం నంబరే పేరైంది. వాళ్ల నాయన ఆ భూమి కోసం పట్వారీ చుట్టూ, తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగీ తిరిగీ, ఇంట్లో ఆ అంకె తప్ప ఇంకో మాట లేకుండా చేశాడట. చెల్కకు పోతున్నానని ఎవరూ అనేవారు కాదు. నూటడెబ్బైకి పోతున్నా అనేవారు. ఆవు తప్పిపోతే నూటడెబ్బైలో వెతకమనేవారు. నాగలి మీద, గడ్డపార పిడి మీద, వడ్ల గోతాల మీద నాయన అదే అంకె బొగ్గుతో రాసుకునేవాడట.

"గట్టు కాడ మా పెదనాయిన కొడుకు ఎప్పటికి పంచాయితే. అమ్మేనాడు గూడ కొట్లాడిండు. ఇప్పుడు భూమి లేదు, గట్టు లేదు. అద్దాల బిల్డింగులు లేచినయి. నంబర్ గూడ గుంజుకుంటడా వాడు? ఎంతైనా వేస్త మేడం. గీ కొత్త బండి అమ్మైనా వేస్త."

"బండి అమ్మేస్తే నంబరు దేనికి పెడతారు సార్" అన్నాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. అప్పుడు అర్థమైంది, ఈ మనిషికి ఇది సరదా కాదని. భూమి అమ్మినప్పటి నుంచి గొంతులో ఏదో అడ్డుపడి ఉంది, ఈ నంబరుతో అది దిగుతుందని ఆశపడుతున్నాడు.

బిడ్డింగ్ మొదలు కావడానికి కొంచెం సమయం ఉంది. ఈ రోడ్డు మీద షోరూముల్లో రిజిస్ట్రేషన్ చూసేవాళ్లందరికీ ఒక వాట్సాప్ గ్రూపుంది. సర్వర్ లేచిందా పడుకుందా అని ఒకరినొకరు అడిగి తెలుసుకోవడానికి పెట్టుకున్నాం. అందులో "ఈ రోజు 0170 ఎవరిది?" అని రాశాను. కస్టమర్ల పేర్లు ఒకరికొకరం చెప్పుకోకూడదని మా మధ్య ఒక మాటుంది. అందుకే పేరు అడగలేదు. వెంటనే రవీందర్ ఫోన్ చేశాడు. రోడ్డుకు అవతల, మా ఎదురు షోరూములో ఉంటాడు.

"సరళమ్మా, నాదే. మీదగ్గర గూడ ఉన్నదా? నాకైతే పరేషానైతుంది. లింగంపల్లి నుంచి ఒక పెద్దమ్మ. బిడ్డ కారు కొనిచ్చింది. నంబర్ ఇదే కావాలంటది, ఎందుకంటే చెప్పది. పుట్టినూరు గోపన్‌పల్లి అవతలంట. బిడ్డింగ్ అనంగనే పైటచెంగు బొడ్లె దోపి కూసున్నది."

ఫోన్ పెట్టేసి యాదగిరి వైపు చూశాను. పాలివాడి మీద పళ్లు నూరుతూ కూర్చున్నాడు. చెప్పకూడదు, చెప్పకుండా ఉండలేను. అందుకే ఒక ప్రశ్న మాత్రం వేశాను.

"సార్, మీ నాన్నగారికి మీరొక్కరేనా?"

"అక్కున్నది" అన్నాడు మామూలుగా. తర్వాత తలెత్తి నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు. "అక్కకెందుకు మేడం నంబర్?"

నేను బల్ల మీది కాగితాలు సర్దాను.

"మాట్లాడక ఏండ్లైంది. ఫోన్ జేస్తే ఎత్తది. రాఖీకి గూడ రాదు." మోకాళ్ల మీద అరచేతులు రుద్దుకున్నాడు. "మా ఇంటామె ఫోన్ చేసింది కావొచ్చు. ఆమెకు గూడ చేసింది కావొచ్చు, నన్ను మానిపియ్యమని."

నేను రవీందర్‌కు మళ్లీ ఫోన్ చేసి, ఈ నంబరు అడిగిన ఇంకొకరు ఆమెతో మాట్లాడతారట, ఆమెకు ఇష్టమేనా కనుక్కోమన్నాను. ఫోన్లోనే ఆమె గొంతు వినపడింది, గట్టిగా. "రమ్మను. నాకేం భయమా? ఎవడో నాకెరుకే."

రోడ్డు దాటి వెళ్లాం. నేనెందుకు వెళ్లానని అడగకండి, ఆరా రోగం అన్నానుగా. రవీందర్ డెస్క్ ముందు ఒక ఆమె కూర్చుని ఉంది. అరవైకి దగ్గర పడుతున్న మనిషి, సన్నగా, నిటారుగా. ముదురాకుపచ్చ చీర, రెండు చేతులకూ నిండుగా గాజులు. పక్కన ఆమె కూతురు శ్రావణి, మెడలో కంపెనీ ఐడీ కార్డు, ఒళ్లో లాప్‌టాప్. ఆ పెద్దామే యాదగిరి అక్క బాలమణి.

యాదగిరి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. "అక్కా" అన్నాడు.

"కూసో" అంది ఆమె. ఇంకొకరి షోరూములో తానే ఇంటావిడైనట్టు కుర్చీ చూపించింది.

"నంబర్ నీకెందుకే అక్కా? నేను పెట్టుకుంటున్న అని నీకు తెల్సు గద."

"తెల్సే వచ్చిన యాద్గిరీ. నీ పెండ్లాం ఫోన్ చేసి ఏడ్చింది, నంబర్ మంచిది కాదు, నువ్వన్న చెప్పు వదినా అని. అప్పుడు సమజైంది, నువ్వు దేనికి తయారైనవో. కారు ఎట్లైన బిడ్డ కొంటనే ఉండె. బిడ్డా, నంబర్ ఇదే పెట్టియ్యి అన్న."

"నాయిన నంబరే అది."

"నాయినదే. మరి నాయినెంబడి నూటడెబ్బైకి పోయిందెవలు?" ఆమె గొంతు పెంచలేదు. "పొద్దున లేస్తే నువ్వు సంచి ఏసుకుని బడికి పోయినవ్. నేను సద్ది కట్టుకుని నూటడెబ్బైకి పోయిన. కలుపు నేనే తీసిన, మంచె మీద కూసొని పిట్టల నేనే కొట్టిన. నువ్వు ఆ నంబర్ పాస్‌బుక్కుల చూసినవ్. నేను నడిసిన."

యాదగిరి ఏదో అనబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"భాగం అడిగిన్నా నిన్ను? సంతకం వెట్టు అక్కా అంటే వెట్టిన. చీర వెట్టినవ్, కట్టుకున్న. ఒక్కటి అడిగిన. అమ్మేముందు ఒక్కసారి పోయి కాలు వెట్టి వస్త, తోలుకపో అన్న. ఏమన్నవ్?"

ఆయన తల దించుకున్నాడు.

"చెప్పు, ఏమన్నవ్?"

"రేపు పోదామన్న."

"రేపన్నవ్. తెల్లారి పోయేటాల్లకు సుట్టు నీలం రేకులు కొట్టిండ్రు. గేటు కాడ ఎవడో కట్టె పట్టుకొని నిలబడి, ఏ అమ్మా, కిదర్ అన్నడు నన్ను. నా చెల్కకు నన్ను కిదర్ అన్నడు. గంతే. ఇగ నేను అటు దిక్కు పోలే, నీ ఇంటికి రాలే."

నాకు ఏడుపొచ్చింది. ఉద్యోగంలో ఉండి ఏడవకూడదని ఏ రూలూ లేదు గాని, రవీందర్ చూస్తున్నాడని గోడ మీది ఆఫర్ల పోస్టర్ చదవడం మొదలుపెట్టాను.

యాదగిరి లేచాడు. "నువ్వే తీస్కో అక్కా. నేను బిడ్ వెయ్య."

ఇక్కడితో కథ సుఖంగా ముగిసిందని అనుకున్నాను. బాలమణిని ఎరుగను కాబట్టి అలా అనుకున్నాను.

"నువ్విచ్చుడేంది?" అందామె. కళ్లు ఎర్రబడ్డాయి. "ఇంకా నువ్విస్తే నేను తీస్కునుడేనా? కూసో. వెయ్యి బిడ్డు. నేను గూడ వేస్త. గెలిస్తే నాది, లేకుంటే నీది. గీ నంబర్ నాకు ఎవలు ఇయ్యొద్దు."

"అమ్మా" అంది శ్రావణి చిన్నగా. తల్లి ఆమె వైపు చూసిన చూపుకు మళ్లీ నోరెత్తలేదు.

అలా జరిగింది ఆ బిడ్డింగ్. ఇన్నేళ్లలో అలాంటిది చూడలేదు, మళ్లీ చూస్తానని కూడా అనుకోను. మామూలుగా బిడ్డర్లు ఒకరికొకరు కనిపించరు. ఎవరింట్లో వాళ్లు, ఎవరి ఫోన్లో వాళ్లు వేసుకుంటారు. ఇక్కడ అక్కా తమ్ముడూ ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చున్నారు. శ్రావణి లాప్‌టాప్ తల్లి ముందు పెడితే, బాలమణి బడిపిల్ల పలకను దాచుకున్నట్టు చెయ్యి అడ్డం పెట్టుకుని, కూతురి చెవిలో అంకె చెప్పింది. యాదగిరికి నా ఫోన్లో పేజీ తెరిచి ఇచ్చాను. ఆయన వేలు తెర మీద కాసేపు ఆగింది. తర్వాత అంకెలు కొట్టి, ఫోన్ నా చేతిలో పెట్టాడు. సబ్మిట్ నొక్కాల్సింది నేనే కాబట్టి ఎంత కొట్టాడో నాకు కనపడింది. అది నేను ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ కూడా రాయను. బాలమణి నన్ను ఎప్పుడూ అడగలేదు.

సాయంత్రం ఫలితం వచ్చేదాకా ఇద్దరూ కదల్లేదు. రవీందర్ టీ తెప్పించాడు. ఒకసారి మాత్రం ఆమె తమ్ముడి తల వైపు చూసి "వెంట్రుకలు తెల్లగైనయ్" అంది. "అవునే" అన్నాడు ఆయన.

నంబరు బాలమణికి వచ్చింది. ఆమె నవ్వలేదు. "గెల్సిన" అంది, లెక్క సరిచూసుకున్న గొంతుతో. యాదగిరి "గెల్సినవ్ అక్కా" అని ఒప్పుకున్నాడు. ఆయన నల్ల కారుకు తర్వాత వరసలో వచ్చిన నంబరే తీసుకున్నాం. దాని టోటల్ ఎంతో ఆయన చూసుకోలేదు, నేనూ కూడలేదు. ఆయన భార్య మాత్రం కూడుకుని నాకు ఫోన్ చేసి సంతోషపడింది.

కొన్ని రోజులకు ప్లేటు వచ్చింది. దాన్ని హై సెక్యూరిటీ ప్లేటు అంటారు, విప్పి మార్చడానికి వీల్లేకుండా బిగించేస్తారు. రవీందర్ షోరూములో బిగిస్తుంటే బాలమణి కబురు పెట్టింది, నన్ను కూడా రమ్మని. వెళ్లేసరికి యాదగిరి అప్పటికే అక్కడున్నాడు, కొత్త చొక్కా వేసుకుని. ప్లేటుకు పసుపు కుంకుమలు పెట్టి బాలమణి నాతో అంది కదా, "బిడ్డా, నువ్వు గూడ దా. పోయొద్దం."

"ఎక్కడికండీ?"

"యాడికేంది, నూటడెబ్బైకి."

ఆ చెల్కలో లేచిన అద్దాల భవనాలు మా షోరూముకు ఎంతో దూరం లేవు. శ్రావణి స్నేహితురాలు అందులో ఒక కంపెనీలో పనిచేస్తుంది, ఆ అమ్మాయి విజిటర్ పాస్ పంపింది. శ్రావణి నడుపుతోంది, పక్కన యాదగిరి, వెనక బాలమణి, నేను. గేటు దగ్గర సెక్యూరిటీ అతను చేతిలో మిషన్ పట్టుకుని వచ్చాడు.

"గాడీ నంబర్?"

శ్రావణి నోరు తెరిచేలోపే వెనక నుంచి బాలమణి అంది. "నూటడెబ్బై."

అతనికి తెలుగు రాదు. ముందుకు వెళ్లి ప్లేటు చూసి మిషన్‌లో కొట్టుకుని, గేటు ఎత్తి సలాం చేశాడు. బాలమణి అతన్నే చూస్తూ వెళ్లింది, మెడ తిప్పి, అతను కనపడకుండా పోయేదాకా.

విజిటర్ల కార్లు నేల కింద అంతస్తులో పెట్టాలి. లోపల తెల్లటి లైట్లు, నున్నటి సిమెంటు నేల, వరసగా స్తంభాలు. నాకు లోపల భయం పట్టుకుంది. ఇదంతా చూసి ఈమె ఏమైపోతుందో అనుకున్నాను. మొక్క లేదు, మట్టి లేదు, ఆకాశం కూడా లేదు. శ్రావణి ఒక ఖాళీ చూసి కారు ఆపింది. బాలమణి తలుపు తీసి, దిగకుండా ఒక్క క్షణం ఆగింది. కాళ్ల చెప్పులు విప్పి కారులోనే పక్కకు పెట్టింది. అప్పుడు దిగింది.

"అమ్మా, చెప్పులేసుకో, నేల మీద ఆయిలుంటది" అంది శ్రావణి.

"కల్లంల చెప్పులతోని నడుస్తరా?" అందామె. పంట నూర్చే చోట చెప్పులతో తొక్కకూడదని వాళ్లకు పట్టింపు. ఆమె స్తంభాల మధ్య నెమ్మదిగా నడిచింది, ఇటు చూసి, అటు చూసి, పైన సిమెంటు కప్పులోంచి సూర్యుడు ఏ దిక్కున ఉన్నాడో చూసుకుంటున్నట్టు. "దారి ఇటునుంచి వస్తుండె. బాయి ఆడ. కల్లం ఈడ."

"బాయి ఆడ కాదే, గా మూలకు" అన్నాడు యాదగిరి.

"నీకేమెరుక? నువ్వు ఎండకాలం సెలవులల్ల వస్తుంటివి."

"ఈత నేర్సుకున్న గదనే ఆడ."

"నిన్ను బయటికి గుంజింది నేను. నాకెరుక లేదా యాడ గుంజిన్నో?"

ఇద్దరూ ఆ స్తంభాల మధ్య బావి కోసం గట్టిగా వాదించుకున్నారు. పక్కనుంచి ఐడీ కార్డుల కుర్రాళ్లు వింతగా చూస్తూ పోయారు. ఆ గొడవలో యాదగిరి అక్క వెంట నాలుగడుగులు వేసి, ఉన్నట్టుండి తన కాళ్ల వైపు చూసుకున్నాడు. వెనక్కి వచ్చి, కారు పక్కన వంగి, బూట్లూ సాక్సులూ విప్పి, వాటిని అక్క చెప్పుల పక్కన పెట్టాడు. వట్టి కాళ్లతో మళ్లీ ఆమె దగ్గరికి వెళ్లాడు. ఆమె ఆయన పాదాలు చూసింది. అప్పటిదాకా యాద్గిరీ అని పిలుస్తున్న మనిషి, మొదటిసారి "దా తమ్మీ, ఇటు నిలబడు" అంది.

నేను కారు దగ్గరే ఉండిపోయాను. నా చెప్పులు విప్పాలో వద్దో తోచలేదు. చివరికి విప్పాను. సిమెంటు చల్లగా ఉంది.

ఈ పనిలో నేర్చుకున్నదేమిటని కొత్తగా చేరే అమ్మాయిలు అడుగుతుంటారు. రుసుములు, గడువులు, సర్వర్ ఎప్పుడు మొండికేస్తుందో, అవన్నీ వాళ్లే నేర్చుకుంటారు. నేను చెప్పేది ఒకటే. ఎవరైనా వచ్చి టోటల్ కుదరని నంబరు అడిగితే, దాన్ని మార్పించాలని చూడకండి. వేళ్లు మడవకండి. టీ తెప్పించి, వాళ్లు దాన్ని పక్కనే ఉన్నవాళ్లతో మాట్లాడుకునేటప్పుడు ఎలా పలుకుతారో వినండి. జీరో వన్ సెవెన్ జీరో అని నా బల్ల ముందు చెప్పినప్పుడు అది నాకు ఎవరికీ అక్కర్లేని నంబరు. నూటడెబ్బై అని వాళ్లు ఒకరికొకరు చెప్పుకున్నప్పుడు, దానికి ఒక బావి ఉంది.